దండెం మీది కుర్తా

లాల్‌దర్వాజా, 2006

చెల్లె సుశీలకు,

మన స్రవ్య ఆఫీసు పార్టీకి పోయి, తెల్లారినంక తూలుకుంట ఇంటికొచ్చింది. తాగొచ్చినవా అని తిట్టిన. "కూల్‌డ్రింకే తాగిన అమ్మా, తర్వాత ఏమైందో యాదిలేదు" అని ఏడ్సింది. నేను నమ్మలే. మైలపడ్డదని గడప తొక్కనియ్యకుండ తలమీదికెల్లి నీళ్లు పోసిన. బట్టలు నేనే ఉతికిన.

మూడోనాడు తొడల మీద కమిలిన గుర్తులు చూపెట్టింది. అప్పుడు దవాఖానకు ఉరికినం. "కూల్‌డ్రింక్‌ల ఎవడో మత్తుమందు కలిపిండు. ఇన్ని దినాలైతే పరీక్షల దొరకది. ఆ బట్టలేవి?" అని డాక్టరమ్మ అడిగింది.

నీకూ ఆడపిల్లున్నది. గట్లొస్తే తిట్టకు, తానం చేపియ్యకు, ఉన్నదున్నట్టు దవాఖానకు తీస్కపో.

గా తెల్ల కుర్తా ఇంకా దండెం మీదనే ఉన్నది. తీయబుద్ధైతలేదు. ఒక్క మరక లేదే చెల్లె. మస్తు మంచిగ ఉతికిన.

నీ అక్క