ఆదివారం ఆగని మగ్గం

5 జూలై 1987, ఆదివారం

టీవీ వచ్చి ఎనిమిది రోజులు. "నేను డ్యూటీకి పోతే నీకు తోడుగా ఉంటాదిలే" అని ఈయన తెచ్చిపెట్టినాడు. తోడంట! ఆదివారమొస్తే కొండకు దర్శనానికి జనం, జనమొస్తే బస్సులు, బస్సులుంటే కండక్టరుగారు ఇంట్లో ఉండడు. ఈ పెట్టె ముందర నేనొక్కదాన్నే. హిందీ సినిమా. ఆ యమ్మ ఏడిస్తే ఏడుస్తా ఉండాదని తెలుస్తాది, ఎందుకో తెలీదు.

బొమ్మ మాత్రం అద్దంలో చూసినట్టు ఉండాది. ఒక్క గీత లేదు. నగరిలో మా ఇంటి టీవీలో ఇట్ల వచ్చుంటే అవ్వ హారతి ఇచ్చుండేది.

6 జూలై

లేచినప్పటి నుంచి అదే ధ్యాస. నాకు పదకొండేండ్లప్పుడు నాయన మద్రాసు నుంచి తెచ్చిన టీవీ. చెక్క తలుపులు, వాటికి తాళం, తాళంచెవి అవ్వ రొంటిన. మా వీధికంతా అదొక్కటే. మొదలయ్యేది ఆరుకని తెలిసినా ఐదుకే వచ్చి, గరగరమనే చుక్కలు చూస్తా కూర్చునేవాళ్ళం. తోలుబొమ్మల్లాంటి బొమ్మలు, వాటిలో ఒక జిత్తులమారి నక్క... శుక్రవారం పాటలు... ఏదీ లేకపోతే వరికి పురుగుమందు కొట్టేది కూడా కన్నార్పకుండా చూసినాం. వార్తలాయన వణక్కం పెడితే అవ్వ "ఆఁ, బాగుండాం నాయనా" అనేది.

నాకు అరవం అరకొర. పక్కన సులోచన కూర్చునేది — ఎదురింటి మగ్గమాయన బిడ్డ. వాళ్ళమ్మది అరవ ఊరు. వచ్చిన మాట వచ్చినట్టే నా చెవిలో తెలుగులో చెప్పేది. నక్కకు నక్క గొంతు, కాకికి కాకి గొంతు. నాకు టీవీ అంటే దాని గొంతే.

8 జూలై

టీవీ పెట్టినా. ఆపినా. మళ్ళీ పెట్టినా.

9 జూలై

ఈ పొద్దు పక్కింట్లో గ్రైండరు వేసినారు. బొమ్మ మీద సన్నగా గీతలు. ఎంత సంతోషమైందో! పిచ్చిదాన్ని.

మా వీధి నిండా మరమగ్గాలు. మోటార్లు ఆడతా ఉంటే బొమ్మంతా గీతలే. అందుకని అవ్వ ఒక కట్టుబాటు పెట్టింది — ఆదివారం సినిమాకు మగ్గం ఆపిన ఇంటోళ్ళే లోపలికి రావాల. అదే టికెట్టు. ఐదున్నరకు ఆ కొస నుంచి ఈ కొసకు ఒక్కొక్క మగ్గమే ఆగేది. ఆ పూట మా వీధిలో కాకి అరిచినా వినపడేది. మూరకింత అని కూలి తీసుకునేటోళ్ళు, రెండున్నర గంటలు మగ్గం ఆపి వచ్చేవాళ్ళు. అప్పుడు నాకేం తెలుసు.

11 జూలై, శనివారం

కిరసనాయిలు క్యూలో నా ముందర నిలబడిన మనిషి తిరిగి చూసింది. సులోచన. తొమ్మిదేండ్ల తర్వాత. చంకన నాలుగేండ్ల బిడ్డ. ఉండేది ఈ ఊళ్ళోనే, కొర్లగుంటలోనంట, మొగుడు పూలదండల అంగట్లో. "బాగుండావా?" అనింది, ఊళ్ళో ఎవరినో అడిగినట్టే.

"రేపు ఇంటికి రా మేయ్, సినిమా చూద్దాం" అన్నా. గుడి సందు, నీలం గేటు, అన్నీ చెప్పినా. "వస్తాలే" అనింది.

12 జూలై, ఆదివారం

చాప పరిచినా. మురుకులు చేసినా. ఐదున్నర, ఆరు, ఏడు... రాలేదు. "లే" అన్నప్పుడే తెలుసుకోవాల్సింది.

13 జూలై

ఎందుకు వస్తాది? నేను చేసిన పనికి.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఈయనకు కూడా. ఈడైనా రాసుకుంటా. తొమ్మిదేండ్ల కింద ఒక ఆదివారం చిత్తూరు నుంచి అత్త పిల్లోళ్ళు వచ్చినారు. గౌన్లు, బూట్లు, ఇంగ్లీషు. సులోచన ఎప్పటి మాదిరే వచ్చి నా పక్కన కూర్చునింది, జుట్టులో దూది పింజలతోనే. అత్త కూతురు ముక్కు మూసుకునింది. వెంటనే నేను — వాళ్ళ ముందర నేనేదో గొప్పదాన్ని కావాలని — "ఈడ చోటు లేదు, పోయి కిటికీ కాడ నిలబడి చూడు" అన్నా. అది నా మొగం చూసింది. లేచిపోయింది. కిటికీ కాడికి కూడా రాలేదు.

పది నిమిషాలకు ఎదురింట్లో మగ్గం మొదలైంది. టకటక టకటక. బొమ్మంతా గీతలు. నాయన వీధిలోకి పోయి అరిచినాడు. "నా మగ్గం, నా ఇష్టం" అన్నాడంట వాళ్ళ నాయన, నెమ్మదిగానే. ఆ పైన ప్రతి ఆదివారమూ అంతే. వీధంతా ఆగేది, ఆ ఒక్క మగ్గం ఆడేది.

"వానికేం పోయేకాలం? మనమేం అన్యాయం చేసినాం?" అని నాయన ఇంట్లో అందర్నీ అడిగినాడు. నన్ను కూడా అడిగినాడు. నేను పలకలేదు.

నాయన నూలు ఇస్తేనే ఆ వీధిలో మగ్గాలు ఆడేది. వాళ్ళకు ఇచ్చేది మానేసినాడు. రెండు నెలలకు సామాను కట్టుకొని పుత్తూరు బస్సెక్కినారు. నేను ఆ కిటికీలోనుంచే చూసినా.

14 జూలై

ఒక్క మాట చెప్పుంటే నాయన తిట్టుండేవాడు. అంతేగా. నన్ను నాలుగు తిట్టుండేవాడు.

19 జూలై, ఆదివారం

వచ్చింది!

సినిమా మొదలై అరగంట అయింటాది. కిటికీ కాడ నీడ. బిడ్డను ఎత్తుకొని నిలబడి ఉండాది. "లోపలికి రా మేయ్" అని పరిగెత్తినా. "వద్దులే. యాడ నిలబడాల్నో నాకు తెలుసు" అనింది. నవ్వతానే అనింది. చెంపన కొట్టినా అంత ఉండదు.

ఏం చేయాలో తోచక నేనే బయటికి పోయి దాని పక్కన నిలబడినా. లోపల ఖాళీ చాప ముందర టీవీ ఆడతా ఉండాది. "అమ్మా, ఏమంటా ఉండారు?" అని బిడ్డ అడిగింది. సులోచన మొదలుపెట్టింది... "నా గాజులు యాడ పెట్టినావురా దొంగసచ్చినోడా అంటా ఉండాది." అదే గొంతు. నాకు కండ్లలో నీళ్ళు.

"నీకు హిందీ ఎట్ల వచ్చు?"

"ఎవరికొచ్చు? అరవం మటుకు అప్పుడు నాకంతా తెలుసుననుకున్నావా? సగం నేను కల్పించిందే."

ఇద్దరం నవ్వినాం. ఆ నవ్వు మీదనే చెప్పేసినా — మీకు నూలు ఆగింది నా వల్ల, నాయన అడిగితే నోరు మెదపలేదు నేను, అని.

బిడ్డను ఇంకో చంకకు మార్చుకునింది. ఆ పైన అనింది: "ఆ పొద్దు మగ్గం వేసింది మా నాయన కాదు. నేను. స్విచ్చి వేసి ఏడుస్తా నిలబడినా. ఆయన నా మొగం చూసినాడు. ఏమైందని అడగలేదు, ఆపమనీ అనలేదు. ఆదివారం ఆదివారం ఆయనే వేసేవాడు."

"ఇప్పుడు యాడుండాడు?"

"పుత్తూరులో. ఇంకొకరి మగ్గాల కాడ కూలికి."

లోపలికి పోయి మురుకుల డబ్బా తెచ్చినా. సినిమా కాకముందే బయలుదేరింది. "వచ్చే ఆదివారం?" అంటే "చూస్తాం" అనింది. మురుకులు మాత్రం బిడ్డ రెండు చేతులా తీసుకునింది.

22 జూలై

నాయనకు జాబు రాద్దామని కూర్చున్నా. 'నాయనా, ఆ ఆదివారం...' దాకా రాసినా.

25 జూలై

జాబు డబ్బాలో వేసినా. మొత్తం రాసినా ఈసారి.

26 జూలై, ఆదివారం

ఈయన డ్యూటీకి పోతా "ఒక్కదానివే ఉంటావా?" అన్నాడు. తెలీదు అన్నా.

ఐదున్నర. కిటికీ తెరిచినా. తలుపు కూడా బార్లా తెరిచినా. లోపలికొస్తాదో, కిటికీ కాడే నిలబడతాదో, అసలు రానే రాదో... దాని మగ్గం, దాని ఇష్టం.

టీవీ ఇంకా పెట్టలేదు.