మొహమాటానికి పోతే

అమ్మకు నమస్కారాలు. నేనిక్కడ కులాసా. నీ మోకాలి నొప్పీ, నాన్నగారి కోపమూ అదుపులోనే ఉన్నాయని తలుస్తాను.

అడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. జుట్టు రాలుతూనే ఉంది, ఇంకా చాలానే మిగిలింది. కొత్త ఆఫీసు మీద అప్పుడే విసుగొచ్చిందా అన్నావు. రాలేదు కానీ వచ్చేట్టుంది. ఇక, లిఫ్టులు బాగుచేసే ఆ అబ్బాయిని ఎంతకీ కలవడం లేదు కనక, వద్దని వాళ్ళ అత్తయ్యకు కబురు పెట్టేయనా అని అడిగావు. దానికి జవాబు కింద ఉంది. నాన్నగారు నవల చివరి పేజీ ముందు చదివినట్టు నువ్వు అక్కడికి దూకకు.

మా వీధి మలుపులో ఒక లెబనాన్ హోటలుంది. అతణ్ణి అక్కడికే రమ్మన్నాను. ఎందుకో చెబితే తిడతావు: అక్కడ గోల ఎక్కువ, మాటలు సాగవు, తొందరగా తేలిపోతుందని. బల్లలు ఎంత దగ్గరగా ఉంటాయంటే పక్కవాళ్ళ తగాదాలో మనం తీర్పు చెప్పొచ్చు. పొయ్యిలోంచి రొట్టెలు బుడగల్లా పొంగి వస్తుంటాయి. శనగలు నువ్వుల ముద్దతో మెత్తగా రుబ్బి, నువ్వు అన్నంలో నెయ్యికి చేసినట్టే మధ్యలో గుంట చేసి, నూనె పోసి తెస్తారు. వడ్డించేది యజమానురాలే. మనిషి భారీ, అడుగులు చిన్నవి, చెయ్యి పెద్దది.

అతను పొడుగ్గా, బుద్ధిగా వచ్చాడు. రెండుసార్లు చేతులు కడుక్కున్నా గోళ్ళ చివర గ్రీజు పోలేదు. నాకిప్పుడు పెళ్ళి ఉద్దేశం లేదండీ అనే ఒక్క వాక్యం నేను గదిలోనే వల్లె వేసుకుని వెళ్ళాను. తినడం అయ్యాక చెబుదామని ఆగాను. తినడం అయితే కదా!

కంచంలో మెతుకు వదిలితే నువ్వు ఊరుకునేదానివా? ప్లేటు ఊడ్చుకు తిన్నాను. అతనూ అంతే, వాళ్ళమ్మా నీ బాపతేనట. హోటలావిడ లెక్కలో మాత్రం ఖాళీ ప్లేటంటే ఆకలి తీరలేదని. మళ్ళీ నింపింది. మళ్ళీ ఖాళీ చేశాం. ముచ్చటపడి మాంసం ఉండలు కూడా తెచ్చిపెట్టింది. వద్దనడానికి నోరు రాదు, ఒకరి ముందు ఒకరం వదిలెయ్యడానికి మొహం చెల్లదు. మరో ప్లేటు రావడం చూసి అతను బెల్టు వదులు చేసుకుని, తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"మొహమాటానికి పోతే..."

సామెత తోక గుర్తొచ్చి ఠక్కున ఆగిపోయాడు. మిగతా సగం నీకూ తెలుసు, చూపులకొచ్చినవాడు పిల్ల ముందు అనేది కాదు. చెవులదాకా ఎర్రబడ్డాడు. నా నోరు నీకు తెలియనిదా, ఆగలేదు.

"ఎన్నో నెలండీ?" అన్నాను.

అతను కాసేపు పొట్ట వంక చూసుకుని, గంభీరంగా, "నిండాయండి. ఆ ప్లేటు ఇక్కడ పెట్టిందంటే నొప్పులొచ్చేస్తాయి" అన్నాడు.

పక్క బల్లవాళ్ళు తగాదా ఆపి మమ్మల్ని చూశారు, అంతగా నవ్వాం. ఆ నవ్వులోనే, నిజానికి వద్దని చెప్పడానికి వచ్చానని చెప్పేశాను.

"చెప్పేయండి మరి. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళు నన్ను ఇంతకన్నా పెద్ద మాటలే అన్నారు" అన్నాడు.

చెప్పలేకపోయాను. చివరికి ఇద్దరం చెరో రొట్టె ముక్క, దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూసి, ప్లేట్లలో వదిలాం. అప్పుడుగానీ ఆవిడ తృప్తిగా ప్లేట్లు తియ్యలేదు. వచ్చే ఆదివారానికి ఇదే బల్ల ఉంచనా అని అతణ్ణి అడిగింది. అతను నా బదులు జవాబు చెప్పలేదు, నన్ను చూపించి, ఆవిణ్ణి అడగండి అన్నాడు. ఉంచమన్నాను.

అమ్మా, ఇది ఈ వారం సంగతి కాదు. పోయిన నెలది. పని ఎక్కువగా ఉంది, ఇంకా కలవలేదు అని నీకు రాసిందంతా అబద్ధం. ప్రతి ఆదివారం అక్కడే తింటున్నాం. నీకు తెలిస్తే మర్నాటికే ముహూర్తం పెట్టిస్తావని భయపడ్డాను. ఏ సంబంధం వచ్చినా, పెళ్ళయ్యాక నోరు కుట్టేసుకోవాలేమోనన్నదే నా దిగులు. ఇతని దగ్గర నేనొకటంటే తను రెండంటాడు, ఇంకోటి అనమని ఎదురుచూస్తాడు.

కనక వద్దని కబురు పెట్టకు. ఔననీ పెట్టకు. ఆ మాట వాళ్ళ అత్తయ్య కన్నా ముందు అతను వినాలి, నా నోట వినాలి. ఈ ఆదివారం చెబుతాను. అప్పటిదాకా నాన్నగారి దగ్గర కూడా నవ్వుమొహంతో తిరక్కు, పట్టేస్తారు.

ఇట్లు,
నీ పెద్దపిల్ల