పక్కన పెట్టిన నలభై కాగితాలు

నాన్నగారికి, మీ పెద్దమ్మాయి నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, కంగారు పడకండి.

కాలేజీ ప్రాజెక్టు తెమలలేదు, ఈ సెలవులకి రాలేను. ఆడవాళ్లు ఎవరికి ఓటెయ్యాలో ఎలా నిర్ణయించుకుంటారన్నది నా విషయం. వీధులన్నీ కాళ్లరిగేలా తిరిగి మనిషికొకటి చొప్పున జవాబులతో నూరు కాగితాలు నింపాను. మా మేడం అవి తిరగేసి నలభై పక్కన పెట్టారు. "ఇవి మొగుళ్ల జవాబులు. నువ్వు ఆవిణ్ణి అడిగావు, ఆయన చెప్పాడు, నువ్వు రాసేశావు" అన్నారు. నిజమే. పక్కన ఆవిడ తలూపితే చాలనుకున్నాను. మేడం ముందు నాకు ముఖం చెల్లలేదు.

నిన్న మళ్లీ మొదలుపెట్టాను. బట్టలు కుట్టే ఒకావిడ, భర్త బయటికి వెళ్లాక మిషను ఆపి, "నన్నెవరూ అడగలేదమ్మా ఇన్నేళ్లలో. కాస్త ఆగు, ఆలోచించి చెప్తా" అంది. ఆగాను. ఆవిడ చెప్పింది రాయడానికి కాగితం వెనకవైపు కూడా కావలసి వచ్చింది.

చెప్పులు తెగాయి, అటక మీది జత పంపండి. తమ్ముడి దగ్గు తగ్గిందా? మామ్మని అడిగానని చెప్పండి.

మీ ప్రతి కార్డు చివరా "అమ్మ కులాసా" అని మీ చేతిరాతే ఉంటుంది. నాకూ ఇన్నాళ్లూ అదే చాలింది. ఈసారి ఒక ఖాళీ కార్డు అమ్మకివ్వండి. పక్కన కూర్చుని చెప్పకండి.

అమ్మా, ఎలా ఉన్నావు? ఆలోచించే రాయి. ఆగుతాను.