పాత రామ్ ఇయ్యను

ఆళ్లగడ్డ

నంద్యాల కంప్యూటర్ అంగడి జ్ఞానప్రకాశం అప్పకు, ఆళ్లగడ్డ కారంపొడి మిల్లు చెంచమ్మ చెప్పి రాయించేది. ఫోన్లో అయితే మాట మధ్యలో పెట్టేస్తావని కాగితం మీద పెట్టిస్తాండా.

నీ కాడ కొన్న కంప్యూటర్ మొరాయిస్తాంది. సర్కారు హాస్టళ్లకు కారంపొడి ఎవరు పంపాలనేది ఇప్పుడు ఆ పెట్టెలోనే తేలుస్తారంట. మా మిల్లు లెక్కలు చూసే రాములమ్మ అందులో మా రేటు పెట్టబోతే, ‘మీ బ్రౌజర్ పాతది, మార్చుకోండి’ అని ఎర్రక్షరాలు వస్తాండాయి. బ్రౌజర్ అనేటోడు మా కాడ ఎవడూ పనిచేయడంలే. నెలాఖరుకు గడువు. ఆర్డరు పాణ్యం మిల్లోళ్లకు పోతే మా మిల్లు పండుకుంటాది. ఇదే సందని మా తమ్ముడు మారెన్న, ‘రాములమ్మకు చేతకాదు, ఆ కుర్చీలో నా కొడుకు సాయిని కూర్చోబెట్టు, వాడు కంప్యూటర్ చదివినోడు’ అని నా పానం తీస్తాండాడు. మందో మాకో చెప్పు.

ఇట్లు, వేలిముద్ర చెంచమ్మది, చేతిరాత రాములమ్మది.

తా.క. పెట్టె వెనక గాలి వచ్చే కాడ నిలబడితే తుమ్ములు వస్తాండాయి. కంప్యూటర్‌కు జలుబు చేసిందని అందరూ అంటాండారు. అది మా కారమే. నేను చెప్పలే.

---

నంద్యాల

గౌరవనీయులైన చెంచమ్మ గారికి జ్ఞానప్రకాశం నమస్కరించి రాయునది.

బ్రౌజర్ అంటే మనిషి కాదమ్మా. ఇంటర్నెట్‌లోకి చూడటానికి కంప్యూటర్‌లో ఉండే కిటికీ లాంటిది. కొత్తది ఉచితంగానే ఎక్కిస్తాం. కానీ అసలు లోపం అది కాదు. మీ రామ్ బలహీనం. రెండు పనులు ఒకేసారి చెబితే కూలబడుతుంది. దాన్ని తీసేసి కొత్త రామ్ పెట్టుకోండి. పాత రామ్ మాకు ఇచ్చేస్తే బిల్లులో కొంత తగ్గిస్తాం.

మీ సేవలో, జ్ఞానప్రకాశం.

తా.క. ముందుగా పాత రామ్‌ను బయటికి తీసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ అదే చోట గట్టిగా నొక్కి కూర్చోబెట్టి చూడండి. ఒక్కోసారి దారికి వస్తుంది.

---

ఆళ్లగడ్డ

జ్ఞానప్రకాశం అప్పకు చెంచమ్మ రాయించేది.

నీ ఉత్తరం రాములమ్మే చదివి వినిపించింది. తన గురించి రాసింది తానే చదవాల్సి వచ్చింది పాపం. గొంతు కూడా వణకలే.

రాములమ్మను రామ్ అని పిలిచేంత చనువు నీకెప్పుడు వచ్చిందప్పా? కట్టుకున్న మొగుడే అట్ల పిలవడు. ఆ యమ్మ బలహీనమా? మిరపకాయల బస్తా ఒక్కతే ఎత్తుతాది. రెండు పనులు చెబితే కూలబడుతుందా? ఒక పక్క రేట్లు కొడతా ఇంకో పక్క ఇద్దరు బిడ్డలకు అన్నం తినిపిస్తాది. పాత మనిషిని ఇస్తే బిల్లులో తగ్గించే అంగడిని నంద్యాలలోనే చూస్తాండా.

ఇట్లు, వేలిముద్ర చెంచమ్మది, చేతిరాత రాములమ్మది.

తా.క. రబ్బరుతో నేనే రుద్దినా. మోచేతి కాడ కితకితలని నవ్వింది. కంప్యూటర్ మాత్రం అట్లే ఉండాది.

---

నంద్యాల

చెంచమ్మ గారికి నమస్కారాలు.

ఎక్కడో పొరపాటు జరిగింది. రామ్ అంటే జ్ఞాపకశక్తి. మీ దానికి అది మరీ తక్కువ. పైగా కరెంటు పోతే అన్నీ మరిచిపోతుంది. తీసేయడం ఇష్టం లేకపోతే మానండి, పాతదాని పక్కనే కొత్తది కూర్చోబెట్టవచ్చు. కాకపోతే రెండూ ఒకే జాతివి కావాలి. లేకపోతే పొసగవు. మీది ఏ జాతిదో రాయండి.

మీ జ్ఞానప్రకాశం.

తా.క. దాని వీపున చీటీ అంటించి ఉంటుంది. తిప్పి చూస్తే చాలు.

---

ఆళ్లగడ్డ

జ్ఞానప్రకాశానికి,

పేరులో జ్ఞానం పెట్టుకొని, పక్కన కూర్చొనేదానికి జాతి అడుగుతాండావా? మా మిల్లులో అందరం ఒకే గంగాళంలో వండుకొని తింటాం. కరెంటు పోతే మరిచిపోతాదంటావా? మొన్న కరెంటు లేక చీకట్లో కూర్చున్నప్పుడే, నువ్వు ఇస్తానని ఇయ్యని వైరు సంగతి గుర్తు చేసింది ఆ యమ్మ. వీపున చీటీ కూడా చూసినాం. రవిక కుట్టిన ప్రమీలమ్మ అంగడి చీటీ తప్ప ఏమీ లేదు.

నీ ఉత్తరాలు మిల్లులో అందరి ముందర చదివించినా. సాయి విని, ‘అంగడాయన కరెక్టే చెప్పినాడత్తా, పాత రామ్ పోవాల్సిందే’ అని తలూపినాడు. నాకు కోపం నెత్తికెక్కింది. ‘నేను బతికుండేదాకా ఆ కుర్చీలో రాములమ్మే. పాత రామ్‌ను ఎవరికీ ఇయ్యను’ అని మారెన్న మొగం మీదనే చెప్పేసినా.

వేలిముద్ర చెంచమ్మది, చేతిరాత రాములమ్మది.

తా.క. నాలుగు దినాల్లో మేమంతా బస్సెక్కి నీ అంగడికి వస్తాండాం. కారంపొడి తెస్తాండాం. అమ్మేదానికి కాదు.

---

నంద్యాల

అమ్మా చెంచమ్మ గారూ,

దయచేసి రావద్దు. రామ్ అంటే జానెడు కూడా లేని పచ్చ పలక. కంప్యూటర్ పెట్టె లోపల ఉంటుంది. రకం మా బిల్లులోనే చూసుకున్నాను. మా మెకానిక్ ఎలీషా ఈ ఉత్తరంతో పాటే వస్తున్నాడు. పలక పెట్టి, కొత్త బ్రౌజర్ ఎక్కించి వస్తాడు. రాములమ్మ గారికి నా క్షమాపణలు.

భయంతో, జ్ఞానప్రకాశం.

తా.క. పాతది ఎలీషాకు ఇచ్చి పంపండి. మనిషిని కాదు, పలకను.

---

ఆళ్లగడ్డ

జ్ఞానప్రకాశం అప్పకు చెంచమ్మ రాయించేది. ఈసారి రాసేది మా మనవరాలు అనిత. రాములమ్మకు చెప్పొద్దు.

రాములమ్మ గడువు లోపలే రేటు పెట్టింది. ఆర్డరు మాకే వచ్చింది.

నువ్వు శానా భయపడిండావని ఎలీషా చెప్పినాడు. రామ్ అంటే ఏందో, నీ రబ్బరు ఉత్తరం వచ్చిన పొద్దే అనిత నా చెవిలో చెప్పింది. తోడబుట్టినోడు కొడుకును తెచ్చి ముందర నిలబెడితే కాదనేదానికి నాకు నోరు రాలే. నీ మీద కోపం వంక పెట్టుకుంటే ఆ నోరు వచ్చింది. ఎలీషా పలక పైకెత్తి ‘రామ్ అంటే ఇదే’ అన్నప్పుడు, మిల్లులో అందరూ సాయి మొగం చూసినారు. వాడు తెలియక తలూపినా ఆ కుర్చీకి పనికిరాడు, తెలిసి ఊపినా పనికిరాడు. మారెన్న కొడుకును పిలుచుకొని ఇంటికి పోయినాడు.

రాములమ్మకూ మొదట్నుంచీ తెలుసు. లేకపోతే ఆ ఉత్తరం గొంతు వణక్కుండా ఎట్ల చదువుతాది, చీటీ చూపించమంటే అడక్కుండా వీపు ఎట్ల తిప్పుతాది? నాకు తెలుసని మాత్రం ఆ యమ్మకు తెలియదు. అట్లే ఉండనీ.

ఇట్లు, వేలిముద్ర చెంచమ్మది, చేతిరాత అనితది.

తా.క. ఎలీషా ఉత్త చేతులతో వచ్చినాడని వాణ్ణి తిట్టొద్దు. పాత రామ్‌ను ఎవరికీ ఇయ్యనని అందరి ముందర చెప్పినా కదా.