టౌన్ బస్సులో మూడు నెలలు

ఏమండీ,

ఈరోజు మీ తిథి. వడలు వేసి కాకికి పెట్టినాక, మీకొక సంగతి చెప్పాలని కూర్చున్నాను.

మన కవితకు తళవాయిపురం నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు తాగుతాడని ఎవరో చెప్పినారు. కోర్టు వెబ్‌సైట్‌లో పేరు కొడితే కేసులు తెలుస్తాయంటే, నిన్న నేనే వెతికినాను. నాలుగేళ్ళ కిందటి కేసు ఒకటి ఉంది. తాగి బండి నడిపినందుకు ఫైన్ వేసి, మూడు నెలలు లైసెన్సు ఆపినారు.

కవితను పిలిచి చూపించినాను.

"తెలుసమ్మా. నన్ను చూడను వచ్చిన రోజే ఆయనే చెప్పినారు. అప్పట్నుంచి ముట్టలేదంట" అనింది.

అది వంటింట్లోకి పోయినాక ఊరికే మీ పేరు కొట్టినాను. ఒక కేసు వచ్చింది. మీ ఇనిషియల్, మీ నాయన పేరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అదే సెక్షన్, అదే మూడు నెలలు. బస్‌స్టాండు దాకా నడిస్తే మోకాలికి మంచిదని చెప్పి బండి ఇంట్లో పెట్టి, మీరు మూడు నెలలు మిల్లుకు టౌన్ బస్సులో పోయిన ఏడాది అది.

కోపం రాలేదని చెప్పను. నిన్న సాయంత్రం మీ ఫోటోకు పూలు పెట్టలేదు.

ఈ పొద్దున పెట్టినాను. తళవాయిపురానికి ఫోన్ చేసి, మాకు సమ్మతమేనని కూడా చెప్పినాను.

ఆ మూడు నెలలూ మీకు బస్సు తప్పిపోతుందని రోజూ అరగంట ముందే లేచి క్యారియర్ కట్టినాను. నిజం చెప్పి ఉన్నా, లేచి కట్టేదాన్నే కదండీ.