ఏడాదికి పెట్టిన బాండి

అక్కా,

నిన్న నీ సంవత్సరీకం అయిపోయింది. నువ్వు పోయినంక ఈ మెట్టుగూడ ఇంట్ల పొయ్యి మీద నూనె బాండి పెట్టనే లేదు. దీపావళికి గరిజెలు సుత నేనే మా ఇంట్ల చేసి తెచ్చిన. పొద్దున బావ, "ఇయ్యాల బాండి పెడదాం. ఏదన్న చెయ్యి" అన్నడు.

నీ వంటల నోట్‌బుక్ తీసిన. ఆఖరి పేజీల ఉన్నయి, ఇటలీవాళ్లు పండగకు వేయించుకునే పల్చటి మైదా పట్టీలు. చేస్తా చేస్తా అనుకుంటనే పోయినవ్. పేరు నోరు తిరగక "ఇటలీ చిప్స్" అని రాసుకున్నవ్. పిండిల సారా కలపమన్న చోట గట్టిగ కొట్టేసి, "మన ఇంట్ల నిమ్మరసం చాలు" అని పెట్టినవ్. అది చదివి బావ నవ్విండు. ఎన్నాళ్లయిందో ఆయన నవ్వక.

చల్లారినంక చక్కెర పొడి చల్లాలని నువ్వు రాసినవ్. నేను ఆగలే. వేడి మీద చల్లితే కరిగి జిగటైంది. నువ్వుంటే నెత్తి మీద ఒక్కటిచ్చేదానివి.

నీ లెక్కనే మొదటిది అగ్గిదేవునికని పొయ్యి పక్కన పెట్టిన. రెండోది బావకిచ్చిన. ఆయన తినలే. నువ్వు రోజూ తినే ప్లేటు తీసి, అందుల పెట్టి, నాకు చూపిచ్చిండు.

"ఇది తీసెయ్యి. చల్లారినంక చక్కెర చల్లి ఇంకోటియ్యి. మీ అక్కకు జిగటైతే నచ్చదు."

నీ చెల్లె