రాని ట్రాము కోసం ఎత్తేసిన బస్టాపు

మార్కాపురం నగర రైలు ప్రణాళికాధికారి గారి సముఖమునకు,
స్టేషన్ రోడ్డు కిరాణా వర్తకుడు లక్ష్మీకాంత్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ట్రాము రాకమునుపే బస్టాపు తొలగించుట, తత్ఫలితముగా ఒక ఆడశిశువు ఎక్కడా పుట్టనట్లు తేలుట గురించి.

1. గత వేసవిలో తమరు మా వీధిలో సభ జరిపి, పెద్ద పట్టణాలన్నీ ట్రాముల వెంటే పెరిగాయనీ, మొదట వాటిని గుర్రాలు లాగేవనీ, ఆపైన కరెంటు లాగిందనీ సెలవిచ్చారు. నేనూ చప్పట్లు కొట్టాను. చిన్నతనంలో మద్రాసు ట్రాము ఎక్కిన మా నాయన సత్యనారాయణ లేచి, "సార్, అక్కడ ముందు పట్టాలు వేసినారు. మీరు ముందు ఏం వేస్తారు?" అని అడిగినాడు. "బోర్డు" అన్నారు తమరు. మాట నిలబెట్టుకున్నారు.

2. 'ట్రాం స్టాప్' అను సదరు బోర్డును నా దుకాణం గోడకు బిగించి, అదే రోజు ఎదుటి బస్టాపు ఎత్తివేశారు. ట్రాము దారికి అడ్డమని ఆటోలనూ నిలవనివ్వడం లేదు. నా దుకాణం డోరు నంబరు రద్దు చేశారు.

3. పోయిన నెల పెద్దదోర్నాల అవతలి గూడెం నుండి కాశన్న, నిండు చూలాలైన భార్య చెంచమ్మను ఆసుపత్రికి తీసుకుపోతూ, మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి ఇక్కడిదాకా నడిపించుకొచ్చినాడు. బోర్డు చూసి అరుగు మీద కూర్చున్నారు.

"అన్నా, ఈ బండి ఎప్పుడొస్తాది?"

"రాదు నాయనా."

"బోర్డు ఉండాది గదా."

ఈ ప్రశ్నకు సమాధానం తమరి వద్ద ఉన్నచో తెలుపగలరు. ఇంతలో ఆమెకు నొప్పులు మొదలైనవి. అంబులెన్సుకు ఫోను చేసి, ఆటో కోసం మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తాను. నేను తిరిగి వచ్చేసరికి బియ్యం బస్తాల చాటున నా భార్య నాగజ్యోతి, పక్కింటి నర్సు రాజకుమారి కలిసి కాన్పు చేశారు. తల్లీబిడ్డా క్షేమం.

4. జనన నమోదుకు పోగా గుమాస్తా గారు, "మీ దుకాణం నంబరు ట్రాం స్టాపు కింద కొట్టేసినారు. ట్రాం స్టాపు ఇంకా మంజూరు కాలేదు. పాప ఎక్కడ పుట్టినట్టు రాయాల?" అన్నారు. కాశన్న నా వైపు తిరిగి, "అడివిలో పుట్టింటే ఏ చెట్టు కాడనో చెప్పేవాళ్ళం అన్నా. టౌన్లో పుట్టి ఏ తావూ లేకుండా పాయె" అన్నాడు. నేను తల దించుకున్నాను. దించుకోవలసినవాడిని నేను కానని ఇంటికి వచ్చాక తోచింది.

కావున నా డోరు నంబరును, బస్టాపును తిరిగి ఇప్పించి, ఆ బిడ్డ మార్కాపురంలో పుట్టినదని ఒప్పుకొనవలెనని ప్రార్థన. ట్రాము విషయమై మాకు తొందర లేదు.

ఇదంతా చిత్తగించి, వీలైతే ఒకసారి నడిచి వచ్చి చూడవలెను.

తమ విధేయుడు, ఇంకా వర్తకుడే అయిన
లక్ష్మీకాంత్

తా.క.: నిన్న దోర్నాల బస్సు మా దుకాణం ముందు ఆగింది. స్టాపు లేదని తెలిసీ డ్రైవరు ఆపినాడు. పాప టీకాకు వచ్చి గూడెం తిరిగిపోతున్న చెంచమ్మ, బిడ్డను ఒళ్ళో సర్దుకుని కూర్చునేదాకా బండి కదిలించలేదు. ఆయన పేరు నాకు తెలుసు. తమరికి మాత్రం చెప్పను.